ఒక మీటరు పైకి, ఆగు

మా ఇద్దరికీ మొదటి గొడవ ఒకరి మొహం ఒకరు చూసుకోకముందే అయిపోయింది.

నేను పైన క్రేన్ క్యాబిన్‌లో ఉన్నాను. ఆమె కింద, ఇనప పైపుల వరసల మధ్య, నారింజ రంగు జాకెట్ వేసుకుని, భుజానికి రేడియో తగిలించుకుని నిలబడింది. మా యార్డుకి కొత్తగా వచ్చిన సిగ్నల్ మనిషి. పైనుంచి నాకు కింద జరిగేది సగమే కనపడుతుంది. ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో, ఎక్కడ ఆగాలో సిగ్నల్ మనిషి చెప్పాలి, నేను చెయ్యాలి.

"నాలుగో వరస. పైపుల కట్ట. రెండు మీటర్లు పైకి," అంది రేడియోలో.

"ఓకే ఓకే," అని లీవర్ మీద చెయ్యి వేశాను.

"ఆగు. రిపీట్."

"ఏంటీ?"

"నేను చెప్పింది మళ్లీ చెప్పు. మొత్తం."

"విన్నాను తల్లీ. విన్నాను, విన్నాను."

"విన్నావా అని అడగలేదు. మళ్లీ చెప్పమన్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఛానెల్ యార్డు యార్డంతా వింటోంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు మా బావది. ఆయన రిగ్గర్, అంటే కట్టలకి తాళ్లు బిగించి క్రేన్ కొక్కేనికి తగిలించే మనిషి. నన్ను ఈ ఉద్యోగంలో పెట్టించిందీ ఆయనే. ఏం చేస్తాం, బళ్లో ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడిలా సాగదీస్తూ చెప్పాను.

"నా...లుగో వరస. పైపుల కట్ట. రెండు మీ...టర్లు పైకి."

"కరెక్ట్," అంది. అప్పుడు గానీ నన్ను కదలనివ్వలేదు.

నిజానికి అది యార్డు రూలే. గోడ మీద బోర్డు కూడా ఉంది. విన్నవాళ్లు తిరిగి చెప్పాలి, చెప్పినవాళ్లు కరెక్ట్ అనాలి, అంతవరకూ ఏదీ కదలకూడదు. ఆ బోర్డు ఉందని అందరికీ తెలుసు. మేం దాని మేకులకి హెల్మెట్లు తగిలించుకునేవాళ్లం.

మా యార్డులో నాలుగు భాషల వాళ్లం పనిచేస్తాం. అందరినీ కలిపేది ఒక విరిగిన ఇంగ్లీషు. ఆమె భాష ఆమెకి తప్ప అక్కడ ఇంకెవరికీ రాదు. కాబట్టి మేం మాట్లాడుకున్నదంతా ఆ విరిగిన ఇంగ్లీషులోనే, నేనే నా తెలుగులో చెప్తున్నాను. వారం తిరక్కుండా ఆమెకి 'రిపీట్' అని పేరు పడిపోయింది. నాకు 'డబుల్' అని అప్పటికే ఉంది, ఏదైనా రెండేసి సార్లు అంటానని.

మొహాలు చూసుకున్నది టీ షెడ్డులో. ఆమె హెల్మెట్ తీసింది. చెమటకి అతుక్కుపోయిన జుట్టు, గడ్డం మీద చిన్న గాటు, మనిషిని తూకం వేసినట్టు చూసే కళ్లు. నేను పోట్లాడదామనే వెళ్లాను.

"నువ్వేనా రిపీట్?"

"నువ్వేనా రిపీట్," అంది, నా మాట నాకే తిప్పి.

"వెక్కిరిస్తున్నావా?"

"వెక్కిరిస్తున్నావా," అని మళ్లీ అదే మాట అంది. అనేసి, నా మొహం చూసి కంగారు పడింది. "కాదు, కాదు. ఇది మా ఇంటి అలవాటు. మా నాన్న పడవ నడుపుతాడు. పడవలో ఎవరు ఏం చెప్పినా విన్నవాళ్లు అదే తిరిగి చెప్తారు. ఇంట్లో కూడా అంతే. నీ మాట నా దగ్గరికి మొత్తంగా చేరిందని చెప్పడం. అది మర్యాద."

"మా దగ్గర మన మాట మనకే అప్పజెప్తే జుట్టూ జుట్టూ పట్టుకుంటాం."

"జుట్టూ జుట్టూ పట్టుకుంటాం," అంది సీరియస్‌గా, నేర్చుకుంటున్నట్టు. నాకు నవ్వాగలేదు.

"మరి నువ్వెందుకు అన్నీ రెండుసార్లు అంటావు?" అని అడిగింది.

"ప్రేమ. రా రా అంటే ప్రేమగా పిలిచినట్టు. ఒక్కసారి రా అంటే మొహం మీద తలుపేసినట్టుంటుంది."

"మా దగ్గర రెండుసార్లు అంటే, ఇంక నువ్వు నోరు ముయ్యి అని."

"ఓకే ఓకే అనేది మాత్రం... మాకూ కొంచెం అంతేలే."

ఆ రోజు నుంచి ఆమె పక్కన కూర్చుని టీ తాగడం నాకు అలవాటైపోయింది. చెప్పొద్దూ, పొద్దున్నే షర్టు ఇస్త్రీ చేయడం కూడా. క్రేన్ ఎక్కేవాడికి ఇస్త్రీ షర్టు ఎందుకురా అని బావ అడిగితే, పైన గాలి బాగా వస్తుంది బావా అన్నాను. గాలికీ ఇస్త్రీకీ సంబంధం ఏంటో ఆయన మళ్లీ అడగలేదు. అక్కతో మాత్రం చెప్పేశాడు.

అక్క ఆమెని భోజనానికి పిలవమంది. ఆమె గుమ్మంలోకి రాగానే అక్క, "రా రా, కూర్చో కూర్చో, తిను తిను," అంటూ చుట్టూ తిరుగుతోంటే పాపం బిక్కచచ్చిపోయింది. వడ్డించిన ప్రతిదీ గబగబా మింగేసింది. బస్టాపు దాకా దిగబెట్టడానికి వెళ్తే, "మీ అక్కకి నేను నచ్చలేదా? అంత కోపంగా తినమంది," అంది. టీ షెడ్డులో నేను చెప్పిన రా రా గుర్తు చేసేసరికి రోడ్డు మీదే పొట్ట పట్టుకుని నవ్వింది. సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఆ బస్సు వదిలేసి తర్వాతి బస్సు ఎక్కింది. ఆ మధ్యలో గడిచిన ఇరవై నిమిషాలు నాకు ఇప్పటికీ నిమిషం నిమిషం గుర్తే.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కణ్నుంచి చెప్పడానికి నాకు మొహం చెల్లదు.

కింద పనిచేసేవాళ్లు నన్ను ఆడుకుంటున్నారు. డబుల్‌గాడు పాఠం అప్పజెప్తున్నాడని రేడియోలో ఈలలు. ఒకరోజు ఉక్రోషం పట్టలేక ఆమె మీదే విరుచుకుపడ్డాను.

"నా మీద నమ్మకం లేదా నీకు? మనిద్దరి మధ్య కూడా రిపీటేనా? అందరి ముందూ నన్ను చిన్నపిల్లాణ్ణి చేస్తున్నావు."

"అది నమ్మకం గురించి కాదు. పని గురించి."

"నాకు మాత్రం నమ్మకం గురించే. నేను ఓకే ఓకే అన్నానంటే విన్నట్టే. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "నువ్వు ఓకే ఓకే అంటే విన్నట్టు," అని నెమ్మదిగా తిరిగి చెప్పింది. మర్నాటి నుంచి రిపీట్ అనడం మానేసింది. నేను గెలిచాననుకున్నాను.

అలా ఎనిమిది రోజులు నడిచింది.

తొమ్మిదో రోజు పొద్దున్న అక్క టిఫిన్ డబ్బా చేతిలో పెడుతూ, "ఆ పిల్లని అడగరా. మన ఇంటికొస్తుందేమో అడుగు. నాకు ఇష్టమే, మీ బావకీ ఇష్టమే," అంది. ఆ మాట జేబులో పెట్టుకున్నట్టు క్రేన్ ఎక్కాను. టీ టైముకి ఎలా మొదలుపెట్టాలా అని అదే ఆలోచన. వాన దంచుతోంది. మిగతా పనులన్నీ ఆపేశారు. ఒక్క లారీ మాత్రం నిండాలి. ఛానెల్ మీద ముగ్గురమే ఉన్నాం, నేనూ, ఆమే, బావా.

వానలో నారింజ రంగు చుక్కలా ఆమె కనపడుతోంది. నేను ఆ చుక్కనే చూస్తున్నాను.

"ఒక మీటరు పైకి. ఆగు. కట్ట వెనకాల మనిషి ఉన్నాడు," అంది.

"ఓకే ఓకే," అన్నాను.

నాకు 'పైకి' ఒక్కటే తలకెక్కింది. మిగతాది చెవిన పడింది గానీ లోపలికి పోలేదు. తిరిగి చెప్పమని ఉంటే అక్కడే నీళ్లు నమిలేవాణ్ణి, నా దగ్గర సగం మాటే ఉందని నాకే తెలిసిపోయేది. ఎత్తాను. మీటరు దాటింది. కట్టని లారీ వైపు తిప్పాను. రేడియోలో ఆమె అరుపు, ఆ వెంటనే ఇంకో అరుపు. ఆ రెండోది బావ గొంతు, కానీ నాకు చిన్నప్పట్నుంచీ తెలిసిన ఆ గొంతే కాదన్నట్టుంది.

బావ జారిన తాడు సరిచేయడానికి వెనక్కి వెళ్లాడు. తిరిగిన కట్ట తగిలి పక్క వరసలో పైపు దొర్లింది. కుడికాలు దాని కింద పడింది.

మోకాలి కింద నుంచి తీసేశారు.

సేఫ్టీ ఆఫీసర్ ఆ సాయంత్రమే ఆస్పత్రి వరండాలో ఫారం పట్టుకుని నిలబడ్డాడు. "ఆమె ఏం చెప్పింది?"

"పైకి అంది," అన్నాను.

"నువ్వేం చేశావు?"

"పైకి ఎత్తాను."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. సంతకం విచారణ రోజు పెట్టచ్చన్నాడు.

ఆమెని కూడా అక్కడే అడిగాడు. మీటరు తర్వాత ఆగమన్నానని చెప్పింది. అతను తిరిగి చెప్పాడా అంటే లేదంది. మరి తిరిగి చెప్పకుండా ఎలా కదలనిచ్చావు అంటే నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. ఆఫీసర్ అదీ రాసుకున్నాడు. రేడియోలో మాటలు రికార్డవవు. ఆమె కాంట్రాక్టు మనిషి. విచారణ అయ్యేదాకా యార్డు గేటు లోపలికి రావద్దన్నారు. తప్పు ఆమెదని తేలితే ఉద్యోగం పోతుంది, ఆ ఉద్యోగం చూసి ఇచ్చిన, ఈ దేశంలో ఉండే పర్మిషనూ పోతుంది. నది దగ్గరికి, వాళ్ల నాన్న పడవ దగ్గరికి తిరిగి వెళ్లిపోవడమే.

మూడో రోజు బావకి బాగా తెలివొచ్చింది. అక్క మందుల కోసం కిందకి వెళ్లగానే నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"వానలో రేడియో వినపడలేదని ఆఫీసర్‌కి చెప్పాను."

"బావా, నీకు వినపడింది కదా."

"వినపడలేదన్నాను." కళ్లు మూసుకున్నాడు. "చూడు, నా పని అయిపోయింది. ఇంక ఇల్లు నీ ఒక్కడి మీదే నడవాలి. నీ లైసెన్స్ కూడా పోతే మీ అక్క ఏమైపోతుంది? ఊరుకో. ఊరుకో."

రెండుసార్లు అన్నాడు. ఆమె చెప్పిన అర్థం ఏమిటో అప్పుడు తెలిసింది.

అక్కకి ఇవేమీ తెలియవు. వరండాలో నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "మన ఇంట్లో కూర్చుని తిన్న పిల్ల రా! నేనే అడగమన్నాను చూడు, నాదీ బుద్ధి తక్కువే. దాని మొహం నాకు చూపించకు." నేను అక్క వీపు నిమురుతూ ఉండిపోయాను. నోరు పెగల్లేదంటే అబద్ధం. పెగిలేది. నేనే మూసుకున్నాను.

విచారణకి ముందురోజు ఆమె ఉండే హాస్టల్‌కి వెళ్లాను. మెట్ల మీద కూర్చుని ఉంది. గది తలుపు తీసే ఉంది, లోపల మంచం మీద సగం సర్దిన పెట్టె.

"నువ్వు చెప్పచ్చు కదా," అన్నాను. "రిపీట్ వద్దని నేనే పోట్లాడానని చెప్పచ్చు కదా."

"అది నువ్వు చెప్పాల్సిన మాట."

"చెప్తే మా ఇల్లు..."

"తెలుసు. మీ అక్క, మీ బావ, అందరూ తెలుసు. నన్ను తిను తిను అన్నారు." నా వైపు తిరిగింది. "నా తప్పు నాకు తెలుసు. పని దగ్గర రూలు ఇష్టం కోసం వదిలేశాను. అది నేను చెప్పుకుంటాను. నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. ఆరోజు నేనేం చెప్పానో నీకు తెలుసా?"

"తెలుసు తెలుసు."

నవ్వింది. అలాంటి నవ్వు పగవాడికి కూడా వద్దు. లేచి లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

మర్నాడు విచారణ. చిన్న గది, పొడుగాటి బల్ల, ఫ్యాను చప్పుడు. ఇటు ఆఫీసర్, అటు కంపెనీ మేనేజర్. ఆమె భాష తెలిసిన మనిషిని ఎక్కణ్నుంచో ఫోన్లో పట్టుకుని, ఫోను బల్ల మధ్యలో పెట్టారు. బల్లకి ఆ చివర ఆమె, గడ్డం మీద గాటు తడుముకుంటూ కూర్చుంది.

ఆఫీసర్ నా వాంగ్మూలం చదివాడు. "ఆమె పైకి అంది, నేను పైకి ఎత్తాను. అంతేనా? అంతే అయితే ఇక్కడ సంతకం."

పెన్ను తీసుకున్నాను. అక్క మొహం కనపడింది. దుప్పటి కింద బావ కాలు ఉండాల్సిన చోట పల్లంగా ఉండటం కనపడింది. సంతకం పెడితే ఈ ఇద్దరూ నాకు మిగులుతారు. ఆమె మిగలదు. పెట్టకపోతే ఎవరు మిగులుతారో తెలీదు.

"సార్, నేనొకటి తిరిగి చెప్పాలి. ఆరోజు చెప్పకుండా ఉండిపోయాను."

"చెప్పు."

"ఒక మీటరు పైకి. ఆగు. కట్ట వెనకాల మనిషి ఉన్నాడు."

ఫోన్లో మనిషి దాన్ని ఆమె భాషలోకి మార్చాడు. అక్కర్లేదు, ఆమెకి అర్థమైపోయింది. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఇదీ ఆమె చెప్పింది," అన్నాను. "మొత్తం చెప్పింది. నేను ఓకే ఓకే అన్నాను. రిపీట్ అడగొద్దని అంతకు ముందే పోట్లాడింది నేను. ఆ మనిషి మా బావ సార్. ఆ కాలు తీసింది నేనే."

ఆమె కరెక్ట్ అంటుందని చూశాను. అనలేదు.

నా లైసెన్స్ తీసుకున్నారు. ఈ జన్మలో క్రేన్ ఎక్కలేను. కేసు ఇంకా తేలలేదు. ఆమెని నెల రోజులు పనిలోంచి ఆపారు గానీ పంపించలేదు. నేను ఇప్పుడు ఒక గోడౌన్లో టైల్స్ పెట్టెలు మోస్తున్నాను.

ఇంటికెళ్లి అక్కకి నేనే చెప్పాను. చెంప పగలగొట్టింది. ఇంకోటి కొడుతుందనుకుని నిలబడ్డాను, కొట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. ఆ తర్వాత మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ప్లేటు ముందు పెట్టి, "తిను," అనేది. ఒక్కసారి. నేను తినేవాణ్ణి. అక్క ఇళ్లలో వంటకి కుదిరింది. పొద్దున్నే లేచి తల దువ్వుకుంటూ అద్దంలో నన్ను చూసి కళ్లు తిప్పుకునేది. బావ నన్ను ఏమీ అనలేదు. మంచం పక్కన నేను కూర్చుంటే మాత్రం గోడ వైపు తిరిగేవాడు.

రెండు నెలలకి బావకి కట్టుడు కాలు వచ్చింది. ఆ ఆదివారం గోడ పట్టుకుని గదిలో అటూ ఇటూ నడవడం నేర్చుకుంటున్నాడు. పడితే పట్టుకోవడానికి నేను వెనకాల నడుస్తున్నాను. బయట వాన. తలుపు చప్పుడైంది. అక్క వెళ్లి తీసింది.

గుమ్మంలో ఆమె. గొడుగు లేదు. నారింజ జాకెట్ మీద నుంచి నీళ్లు కారుతున్నాయి.

అక్క పక్కకి జరగలేదు. ఒక చెయ్యి తలుపు మీదే ఉంది. ఎంతసేపు నిలబడ్డారో, గుమ్మం ముందు చిన్న మడుగు కట్టింది.

"రా," అంది అక్క.

ఒక్కసారే అంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మా ఇంట్లో పనివాణ్ణి కూడా అలా పిలవరు.

"రా," అని ఆమె తిరిగి చెప్పింది, తెలుగులోనే, చాలా జాగ్రత్తగా. బూట్లు విప్పి లోపలికొచ్చింది. అక్క ఆమె వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

ఆమె తిన్నగా బావ దగ్గరికి వెళ్లి నిలబడింది. దారంతా బట్టీ పట్టినట్టుంది, తెలుగు ముక్కముక్కగా వచ్చింది. "ఆరోజు నేను రిపీట్ అడగలేదు. అడగాలి. నా తప్పు."

ఓ పాతికేళ్ల నుంచి కనపడిన ప్రతి దానికీ జోకేసే మా బావ, గోడ మీద చెయ్యి ఆనించి ఆమెని చూశాడు. పర్లేదు పర్లేదు అంటాడనుకున్నాను.

"ఆరోజు నువ్వు రిపీట్ అడగలేదు," అన్నాడు. "అడగాలి. నీ తప్పు." తలూపాడు. "విన్నానమ్మా. మొత్తం విన్నాను."

ఆమె భోరుమంది. అక్క వెళ్లి టవల్ తెచ్చి ఆమె తల మీద వేసి తుడిచింది. తుడుస్తూ తనూ ఏడ్చింది. విచారణ తర్వాత బావ మొదటిసారి నా వైపు తిరిగి, "పట్టుకోరా, పడిపోతాను," అన్నాడు. పట్టుకున్నాను.

వెళ్లేటప్పుడు నేను గుమ్మం దాకా వచ్చాను. వాన తగ్గలేదు. ఆమె మెట్టు దిగి, తడుస్తూనే వెనక్కి తిరిగింది. నేను గుమ్మంలోనే ఉండిపోయాను. రమ్మంటుందో లేదో తెలియని మనిషి వెనకాల ఎలా వెళ్తాను?

"నీ మీద కోపం ఉంది," అంది. "చాలా రోజులు ఉంటుంది. కానీ నేను ఎక్కడికీ వెళ్లిపోను. బస్టాపు దాకా నాతో రా." కళ్లు తుడుచుకుంది. "రిపీట్."

లోపల బావ నడక ఆగింది. అక్క గిన్నెల చప్పుడూ ఆగింది. ఛానెల్ మీద అందరూ వింటున్నట్టే ఉంది.

"నీకు నా మీద కోపం ఉంది," అన్నాను. "చాలా రోజులు ఉంటుంది. కానీ నువ్వు ఎక్కడికీ వెళ్లిపోవు. బస్టాపు దాకా నేను నీతో రావాలి."

ఒక్క మాటా వదల్లేదు. గుమ్మం దాటకుండా నిలబడ్డాను. వాన పడుతూనే ఉంది.

"కరెక్ట్," అంది.

అప్పుడు కదిలాను.